సీరియల్ లైట్లలో సగమే వెలుగుతున్నాయి, లోపం ఎక్కడ వెతకాలి?

పిట్టగోడ (హన్మకొండ) అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా ఇల్లు హన్మకొండలో పద్మాక్షి గుట్టకు పోయే దారిలో ఉంది. ప్రతి సంవత్సరం ఎంగిలిపూల బతుకమ్మ నాటికి డాబా పిట్టగోడకు, ముందు దర్వాజకు సీరియల్ లైట్లు కట్టి, దీపావళి దాటిన తరువాతనే విప్పుతాము. ఈసారి సజ్జ మీది అట్టపెట్టె దింపి మూడు సెట్లను ఒకదాని తరువాత ఒకటి ప్లగ్గులో పెట్టి చూస్తే, మూడింటిలోనూ తలా ఒక తీరు లోపం కనిపించింది. మొత్తం వెలగకపోతే పారేసేదాన్ని; కొన్ని వెలుగుతున్నందున పారేయడానికి చేతులు రావడం లేదు.

మొదటిది 100 తెల్ల ఎల్‌ఈడీల సెట్టు. దీనికి కంట్రోల్ డబ్బా లేదు, ప్లగ్గు పెడితే నేరుగా వెలుగుతుంది. ప్లగ్గు వైపు నుండి లెక్కపెడితే సరిగ్గా 50 బల్బులు వెలుగుతున్నాయి, 51వ బల్బు నుండి చివరి దాకా చీకటి. రెండవది నాలుగు రంగుల సెట్టు, బటన్ ఉన్న ప్లాస్టిక్ డబ్బాతో వచ్చింది. అందులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ బాగానే ఉన్నాయి కాని నీలం బల్బు ఒక్కటీ వెలగడం లేదు. మూడవది దేవుని అర్రలో మందిరానికి చుట్టే సన్నని రాగి తీగ లైట్లు. వాటిని ఫోన్ ఛార్జర్‌కు పెట్టి రిమోట్‌తో నడుపుతాము. అందులో ఒకటి విడిచి ఒకటి వెలుగుతోంది.

పూర్వం ఫిలమెంటు ఉన్న చిన్న బల్బుల సెట్లలో ఒక్కొక్క బల్బును పీకి, దాని స్థానంలో మంచి బల్బు పెట్టుకుంటూ పోతే ఎక్కడో ఒక చోట అంతా వెలిగేది. వీటిలో బల్బు ఊడి రాదు, అడుగున జిగురుతో మూసేసి ఉన్నది. ఒకేసారి 50 బల్బులు ఎలా పోతాయో నాకు అర్థం కావడం లేదు. ఇంట్లో మా అబ్బాయి మల్టీమీటరు, ఒక స్క్రూడ్రైవరు టెస్టరు ఉన్నాయి. వైరును ముక్కలు ముక్కలుగా కోయకుండా లోపం పట్టుకునే మార్గం ఉంటే చెప్పగలరు.

కాజీపేట వైర్‌మన్:

అక్కా, 50 బల్బులు పోలేదు. పోయింది ఒక్కటే, లేదా ఒక్క అతుకే. మీది పైకి 100 బల్బుల దండలాగా కనిపించినా లోపల 50 చొప్పున రెండు దండలు. ఒక్కొక్క దండలో బల్బులన్నీ ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి, కనుక 50 బల్బుల గుండా పారే కరెంటు ఒక్కటే. మధ్యలో ఎక్కడ తెగినా ఆ 50 కలిసి ఆరిపోతాయి, రెండవ దండకు మాత్రం ఏమీ కాదు. సరిగ్గా 50 దగ్గర ఆగడమే ఇందుకు గుర్తు. ఏ 37 దగ్గరనో 64 దగ్గరనో ఆగి ఉంటే వేరే ఆలోచన చేయవలసి వచ్చేది.

వెతికే ముందు ఒక మాట. స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు పీకిన తరువాతనే బల్బును గాని వైరును గాని విప్పండి. చాలా ఇళ్లలో బోర్డు బిగించినప్పుడు స్విచ్చును ఫేజుకు (కరెంటు వచ్చే వైరుకు) బదులు న్యూట్రల్‌కు (తిరిగి పోయే వైరుకు) వేసి ఉంటారు. అలాంటి చోట స్విచ్చు ఆపినా దండ అంతటా ఫేజు ఉంటుంది. పిట్టగోడ మీది ఇనుప గ్రిల్లుకు బైండింగ్ వైరుతో కట్టే అలవాటు ఉంటే అదీ మానండి. పోయిన సంవత్సరం మా వాడలో ఒకరి గ్రిల్లు ముట్టుకుంటే జిల్లుమంటున్నదని పిలిచారు. వెళ్లి చూస్తే బైండింగ్ వైరును కటింగ్ ప్లయరుతో బిగించి తిప్పిన చోట సీరియల్ వైరు మీది ప్లాస్టిక్ కోసుకుపోయి, లోపలి రాగి గ్రిల్లును తాకుతున్నది. ఆ వైరు చాలా సన్నగా, దాని మీది ప్లాస్టిక్ కూడా పలుచగా ఉంటుంది. నూలు దారంతో గాని ప్లాస్టిక్ పట్టీతో గాని కట్టండి.

ఇక లోపం పట్టే తీరు. మీ స్క్రూడ్రైవరు టెస్టరుకు లోహం తగలాలి, ఇక్కడ లోహం ఎక్కడా బయట లేదు. వైరుకు సూది గుచ్చి చూసేవాళ్లు ఉన్నారు కాని, ఆ చిల్లులోంచే వానకాలం నీళ్లు దిగుతాయి. దానికంటే వైరును తాకకుండానే దగ్గర పెడితే కూత పెట్టే పెన్ను టెస్టరు ఒకటి ఎలక్ట్రికల్ దుకాణంలో తెచ్చుకోండి. ఆరిన భాగాన్ని పొడి చెక్క బల్ల మీద పరిచి, 51వ బల్బు దగ్గర కూత వచ్చే వైపుకు ప్లగ్గు పెట్టి, 51 నుండి 100 వరకు ఉన్న దండలో నడిమి బల్బు దగ్గర, అంటే 75 దగ్గర, పెన్ను పెట్టి చూడండి. కూత వస్తే తెగిన చోటు దానికి అవతల ఉన్నట్టు, రాకపోతే ఇవతల ఉన్నట్టు. అప్పుడు ఆ సగంలో మళ్లీ నడిమి బల్బు చూడండి. ఇలా సగం సగం చేసుకుంటూ పోతే 50 బల్బులకు 6 సార్ల కంటే ఎక్కువ చూడవలసిన పని పడదు. ఒకటో బల్బు నుండి వరుసగా చూసుకుంటూ పోయేవాళ్లకు ఒక పూట పడుతుంది.

ఇందులో ఒక తిరకాసు ఉన్నది, కొత్తవాళ్లందరూ అక్కడే మోసపోతారు. సెట్టులో బల్బుల వైరుతో పాటు నేరుగా అవతలి చివరకు పోయే వైర్లు కూడా మెలిపెట్టి ఉంటాయి. పెన్నును మెలి మీద పెడితే అది పక్కనున్న ఫేజు వైరును చూసి ప్రతి చోటా కూస్తుంది. అందుకని ప్లగ్గు పీకి, మెలిని కొద్దిగా విప్పి, బల్బును వైర్లకు దూరంగా పక్కకు లాగిపెట్టి, మళ్లీ ప్లగ్గు పెట్టి పెన్నును బల్బు ముక్కు దగ్గరే ఉంచాలి. ఒకసారి చోటు దొరికిన తరువాత రెండు పిన్నుల ప్లగ్గును తిరగేసి పెట్టి మళ్లీ చూడండి. ఇంతకు ముందు కూత వచ్చిన వైపు మౌనంగా ఉండి, మౌనంగా ఉన్న వైపు కూత వస్తే మీరు పట్టిన చోటు నిజమే. డబ్బా ఉన్న సెట్లలో ఈ పరీక్షను నమ్మవద్దు, ఎందుకంటే అందులో కరెంటును ఒక దిశలోనే పోనిచ్చే డయోడ్ల వలన రెండు వైపులా కూత రావచ్చు.

నర్సంపేట డెకరేషన్:

మేము పందిళ్లకు, పెళ్లిళ్లకు వేల బల్బులు కడతాము, ఇంత లెక్క పెట్టుకుంటే పని సాగదు. పోయిన బల్బు దొరకగానే రెండు వైపులా వైరు కోసి, బల్బును తీసేసి, ఆ రెండు కొసలనూ కలిపి టేపు చుట్టేస్తాము. 50 కి 49 ఉంటే చూసేవాళ్లకు తెలియదు. 5 పోయినా 6 పోయినా అలాగే కలుపుకుంటూ పోవచ్చు, దండుగ ఖర్చు ఎందుకు?

ల్యాబ్ సార్ (వరంగల్):

నేను విద్యార్థులకు ఎలక్ట్రానిక్స్ ప్రయోగాలు చేయించే పనిలో ఉన్నాను. వైర్‌మన్ గారు చెప్పిన పద్ధతి సరైనది. డెకరేషన్ వారి మాట ఒక బల్బు వరకు ఒప్పుకుంటాను, 5, 6 వరకు ఒప్పుకోను. కారణం లెక్కలో ఉన్నది.

వెలుగుతున్న తెల్ల ఎల్‌ఈడీ ఒక్కొక్కటి సుమారు 3 వోల్టులు తీసుకుంటుంది. 50 కలిస్తే 150. మన ఇంటి సరఫరా 230 వోల్టులు కనుక మిగిలిన 80 వోల్టులను వైరులోనే ఒక చోట నల్ల గొట్టం తొడిగి దాచిన రెసిస్టరు మోస్తుంది. చేత్తో తడుముకుంటూ పోతే వైరు మీద చిన్న ఉబ్బులాగా తగిలేది అదే. ఇప్పుడు ఒక బల్బు తీసి కొసలు కలిపితే రెసిస్టరు మీద 80 కి బదులు 83 వోల్టులు పడతాయి. కరెంటు సుమారు 4 శాతం పెరుగుతుంది, అది లెక్కలోకి రాదు. 5 బల్బులు తీస్తే 95 వోల్టులు పడతాయి; కరెంటు దాదాపు 19 శాతం పెరుగుతుంది, రెసిస్టరు వేడి కరెంటు వర్గాన్ని అనుసరిస్తుంది కనుక 40 శాతం పెరుగుతుంది. స్థూలమైన లెక్కే అయినా విషయం అర్థమవుతుంది. పెరిగిన కరెంటుకు మిగిలిన 45 బల్బులూ త్వరగా అలసిపోతాయి, రెసిస్టరు గొట్టం కాగి పక్క వైరును కరిగిస్తుంది. ఆ గొట్టం పండుగ నాడు ఎండిన బంతిపూల దండ కింద ఉంటే ఏమవుతుందో నేను వేరే చెప్పనక్కరలేదు. పందిరి వారం రోజుల్లో విప్పేస్తారు, ఇంటి పిట్టగోడ మీద నెల రోజులు వెలుగుతుంది. తేడా అక్కడే ఉన్నది.

అందుచేత తీసిన చోట మరొక బల్బు పెట్టడం మేలు. పనికిరాని పాత సెట్టు నుండి కోసుకున్నదైనా సరిపోతుంది. అయితే ఎల్‌ఈడీకి దిశ ఉంటుంది, ఫిలమెంటు బల్బులాగా ఎటు పెట్టినా వెలగదు. తిరగేసి పెడితే దండ వెలగకపోవడం అటుంచి, ఆ ఒక్క బల్బు మీద పెద్ద వోల్టేజి ఎదురుగా పడి అది కాలిపోయే ప్రమాదం కూడా ఉన్నది. మామూలు ఎల్‌ఈడీ ఎదురుగా తట్టుకోగలిగేది 5 వోల్టులే. పెట్టే ముందు బరువు తూచే చిన్న యంత్రంలోనో కారు తాళంలోనో ఉండే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీని రెండు కాళ్ల మధ్య ఇరికించి చూడండి. వెలిగినప్పుడు బ్యాటరీ మీద ప్లస్ గుర్తు ఉన్న ముఖాన్ని తాకిన కాలు పాజిటివ్. దానికి ఒక గుర్తు పెట్టుకోండి. తీసేసే బల్బుకు కూడా, అది పలికే స్థితిలో ఉంటే, ఇదే పరీక్ష చేస్తే ఏ కొస ఎటు కలపాలో తెలుస్తుంది. పలకకపోతే పక్క బల్బును చూసుకోండి, వరుసలో అన్నిటి దిశా ఒకటే. మల్టీమీటరులో డయోడు గుర్తు ఉన్న స్థానం కూడా ఇందుకు పనికివస్తుంది కాని, కొన్ని మీటర్లు తెల్ల, నీలం ఎల్‌ఈడీలను వెలిగించేంత వోల్టేజి ఇవ్వవు. మీటరులో వెలగలేదని మంచి బల్బును పారేయకండి.

రెండవ సెట్టు విషయం వేరు. నాలుగు రంగులకు నాలుగు విడి దండలు ఉంటాయి, డబ్బాలోంచి ఒక ఉమ్మడి వైరు, నాలుగు దండల వైర్లు బయటికి వస్తాయి. లోపల నాలుగు డయోడ్లు, ఒక చిప్పు, ట్రాన్సిస్టరులాగా కనిపించే మూడు కాళ్ల ఎస్‌సీఆర్‌లు ఉంటాయి. ఒక్కొక్క దండను ఒక్కొక్క ఎస్‌సీఆర్ వెలిగించి ఆర్పుతుంది. ఎస్‌సీఆర్ తెగిపోతే ఆ రంగు ఎప్పుడూ వెలగదు; అతుక్కుపోతే మిగిలినవి మిణుకుతున్నా ఆ రంగు మాత్రం ఆగకుండా వెలుగుతూనే ఉంటుంది. మీ నీలం వెలగడం లేదు కనుక ఎస్‌సీఆర్ తెగి ఉండాలి, లేదా నీలం దండలో ఒక బల్బు తెగి ఉండాలి. ముందుగా బటన్ నొక్కుతూ ఎనిమిది రకాలూ తిప్పి, నీలం ఏ రకంలోనూ వెలగడం లేదని రూఢి చేసుకోండి. తరువాత ప్లగ్గు పీకి, కాసేపు ఆగి, డబ్బా విప్పి, నీలం వైరును దాని స్థానం నుండి తీసి ఎరుపు వైరు ఉన్న స్థానంలో కలిపి చూడండి. వెలిగితే దండ మంచిది, తప్పు డబ్బాది. ఎర్ర దండను మాత్రం నీలం స్థానంలో పెట్టవద్దు. ఎర్ర ఎల్‌ఈడీ 2 వోల్టులే తీసుకుంటుంది కనుక, రెసిస్టర్లు డబ్బాలోనే ఉన్న సెట్టు అయితే దానికి మోతాదుకు మించిన కరెంటు పోతుంది.

మూడవదానిలో బల్బులన్నీ బాగుండి ఉండవచ్చు. రిమోట్ ఉన్న రాగి తీగ లైట్లలో రెండే తీగలు ఉంటాయి, బల్బులను మాత్రం ఒకటి నిలువుగా ఒకటి తిరగేసి అతికిస్తారు. చిన్న డబ్బా కరెంటును ఒకసారి ఇటు, ఒకసారి అటు చాలా వేగంగా మార్చుతూ పంపుతుంది కనుక మన కంటికి అన్నీ వెలిగినట్టే ఉంటాయి. డబ్బా ఒక దిశను పంపడం మానేస్తే సరిగ్గా ఒకటి విడిచి ఒకటి ఆరిపోతాయి. ఈ లైట్లు 230 వోల్టులవి కావు, 5 వోల్టులవి. డబ్బా దగ్గర రెండు తీగలనూ విడదీసి పై పూతను గీకి, పెన్సిల్ సెల్లులు రెండు వరుసగా కలిపి తాకించండి. మసకగానైనా సగం వెలుగుతాయి. తీగలను అటు ఇటు మార్చి తాకిస్తే మిగిలిన సగం వెలగాలి.

నర్సంపేట డెకరేషన్:

సార్, 40 శాతం వేడి సంగతి ఎప్పుడూ లెక్క కట్టి చూడలేదు. మా దగ్గర రెసిస్టరు గొట్టాలు నల్లబడి వైరుకు అంటుకుపోవడం మాత్రం చూశాను. చైనా సరుకు కదా అని వదిలేసేవాడిని. ఇక నుండి ఒక దండలో రెండు దాటనివ్వను. ఒక మాట నాది కూడా వినండి. అతుకు మీద నల్ల టేపు ఒక్కటే చుడితే ఎండకు జిగురు కారి వారంలో ఊడిపోతుంది. వేడి చేస్తే ముడుచుకునే గొట్టాన్ని వైరు కలపకముందే ఒక కొసకు తొడిగి పెట్టుకోవాలి. కలిపిన తరువాత తొడగడానికి దారి ఉండదు. రెండు అతుకులు ఒకదాని పక్కన ఒకటి రాకుండా వైర్లను ఎక్కువ తక్కువలుగా కోసుకుంటే, గొట్టం జరిగినా ఒకదానికొకటి తగలవు.

పిట్టగోడ (హన్మకొండ):

వైర్‌మన్ అన్నకు, సార్‌కు, డెకరేషన్ వారికి కృతజ్ఞతలు. ఆదివారం మధ్యాహ్నం మా అబ్బాయిని కూర్చోబెట్టుకొని చేశాము. ఏమి జరిగిందో వివరంగా రాస్తున్నాను.

పెన్ను టెస్టరు తెచ్చి మొదట 75 దగ్గర పెడితే మౌనం. 63 దగ్గర కూత వచ్చింది, 69 దగ్గర వచ్చింది, 72 దగ్గర వచ్చింది, 73 దగ్గర రాలేదు. మొత్తం 5 సార్లు. ప్లగ్గు తిరగేసి పెడితే 73 కూసింది, 72 మౌనంగా ఉండిపోయింది. నిజం చెప్పాలంటే, అంతకు ముందు అరగంట సేపు అన్న చెప్పిన తిరకాసులోనే పడి ఉన్నాము. మెలి విప్పకుండా చూడటం వలన 100 బల్బులూ కూశాయి.

ప్లగ్గు పీకి 73వ బల్బు అడుగు జిగురును బ్లేడుతో మెల్లగా గీకితే, 72 వైపు ఉన్న కాలు చేతిలోకి పొడిపొడిగా రాలింది. ఇనుప కాలు తుప్పు పట్టి ఎర్రగా, వైరు కొస రాగి పచ్చగా చిలుము పట్టి ఉన్నది. పిట్టగోడ మూల మీద సజ్జ నీళ్లు కారే చోట ప్రతి ఏడూ ఆ బల్బే వస్తున్నదని అప్పుడు గుర్తుకు వచ్చింది. బల్బు మాత్రం బాగానే ఉన్నది, మిగిలిన మొండి కాలికి బిళ్ల బ్యాటరీ తగిలిస్తే వెలిగింది. అయినా ఆ మొండి కాలికి అతుకు నిలవదని పాత సెట్టు నుండి ఒకటి కోసి పెట్టాము. పాజిటివ్ కాళ్లకు నా గోళ్ల రంగు చుక్క పెట్టుకున్నందువలన తికమక పడలేదు. వైరు పచ్చదనం పోయి రాగి మెరిసే దాకా అంగుళం మేర కోసి పారేయవలసి వచ్చింది. చిలుము మీద సోల్డరు పట్టలేదు. ఇప్పుడు 100 వెలుగుతున్నాయి.

రెండవదానిలో నీలం వైరును ఎరుపు స్థానంలో కలిపితే నీలం దండ మొత్తం వెలిగింది, కనుక తప్పు డబ్బాదే. హన్మకొండ చౌరస్తా దగ్గర విడి డబ్బా దొరికింది. మూడవదానిలో సెల్లులు అటు ఇటు మార్చితే సార్ చెప్పినట్టే సగం, మిగిలిన సగం వెలిగాయి. దాన్ని ప్రస్తుతానికి అలాగే మందిరానికి చుట్టేశాను, సగం వెలుగు కూడా దేవుని దగ్గర కంటికి హాయిగానే ఉన్నది.

ఒక కొత్త అనుమానం. బాగు చేసిన మొదటి సెట్టును పిట్టగోడకు కట్టి రాత్రి స్విచ్చు ఆపితే, చీకట్లో కొన్ని బల్బులు నిప్పురవ్వ అంత సన్నగా వెలుగుతూనే ఉన్నాయి. మేము అతికించిన దానిలో ఏదైనా పొరపాటు ఉన్నదా?

కాజీపేట వైర్‌మన్:

అక్కా, మీ అతుకులో పొరపాటు లేదు. నేను మొదట చెప్పిన న్యూట్రల్ స్విచ్చు మీ ఇంట్లోనే ఉన్నట్టుంది. స్విచ్చు న్యూట్రల్‌ను ఆపుతున్నది, ఫేజు దండలోనే నిలిచి ఉంటున్నది. చుట్టూ ఉన్న ఇనుప గ్రిల్లుకు, తడి గోడకు ఆ వైరు నుండి తాకకుండానే కొద్దిపాటి కరెంటు లీకవుతుంది. ఎల్‌ఈడీ వెలగడానికి అంత చాలు. ఫిలమెంటు బల్బు అయితే దాన్ని పట్టించుకునేది కాదు.

ప్లగ్గును తిరగేసినా ఇది పోదు, ఫేజు ఈ పిన్నుకు బదులు ఆ పిన్నులో వస్తుంది, అంతే. మీ స్క్రూడ్రైవరు టెస్టరుతో చూసుకోండి: స్విచ్చు ఆపి ఉంచి, ఆ సాకెట్టు రంధ్రాలు రెండింటిలోనూ పెట్టినప్పుడు ఏ ఒక్కదానిలోనైనా టెస్టరు వెలిగితే బోర్డులో వైర్లు మారినట్టే. ఇది ఇంట్లో వాళ్లు విప్పి చూసే పని కాదు. మెయిన్ ఆపించి, తెలిసిన వైర్‌మన్‌తో ఆ బోర్డులో ఫేజును స్విచ్చు మీదికి మార్పించండి, పది నిమిషాల పని. వచ్చినప్పుడే మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు భూమిలోకి లీకైతే సరఫరాను ఆపే స్విచ్చు) ఉన్నదో లేదో కూడా చూడమనండి. గ్రిల్లు గుండా గాని మనిషి గుండా గాని కరెంటు అంత మేర భూమిలోకి పోతే అది ట్రిప్ అవుతుంది. అది ఉన్నా రెండు వైర్లనూ రెండు చేతులతో పట్టుకుంటే మాత్రం కాపాడదు, దానికి ఆ తేడా తెలియదు. బోర్డు మార్చేదాకా రాత్రి పడుకునే ముందు స్విచ్చు కాదు, ప్లగ్గే పీకండి.